రేటు చివర్న అడగండి!

మా చిన్నప్పుడు డెక్కు అంటే వీడియో డెక్కే. పెళ్లయినా, పుట్టినరోజయినా కలర్ టీవీతో పాటు దాన్నీ అద్దెకు తెచ్చేవారు. రాత్రికి మూడు సినిమాలు. రెండో సినిమా సగంలోనే పిల్లలంతా చాపల మీద నిద్ర! కాస్త పెద్దయ్యాక ‘టైటానిక్’ చూసి, ఓడ పైభాగాన్ని కూడా డెక్కే అంటారని తెలుసుకున్నాం. మూడో డెక్కు సంగతి మాత్రం పుప్పాలగూడలో ఫ్లాటు కొనేదాకా తెలీదు. బిల్డర్ ఇచ్చిన రంగురంగుల పుస్తకంలో బాల్కనీ బొమ్మ కింద ‘వుడెన్ డెక్’ అని రాసి ఉంది. నేలంతా చెక్క పలకలు, రెండు కుర్చీలు, పొగలు కక్కే కాఫీ కప్పు, దూరంగా గుట్టల వెనక సూర్యాస్తమయం... ఇంకేముంది, పడిపోయాం!

గృహప్రవేశానికి వచ్చిన మా అత్తయ్య ఆ పలకల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఒక్కమాటలో తేల్చేశారు. ‘‘అరుగే కదమ్మా ఇది! పదకొండో అంతస్తులో వేశారంతే.’’

అందరం నవ్వేశాం. కానీ ఆ మాటలో ఎంత నిజం ఉందో తర్వాత తెలిసొచ్చింది. అరుగంటే ఒకసారి వేసి వదిలేసేది కాదు. వారం వారం అలుకు, పండక్కి ముగ్గు, వానలకు పెచ్చులూడితే మళ్లీ మట్టి మెత్తడం... ఇవన్నీ ఉంటేనే అరుగు అరుగులా ఉండేది. అది ఇంట్లోవాళ్లే చేసుకునే పని. కాబట్టి ఏది ఎప్పుడు చేయాలో అందరికీ తెలుసు. డెక్కు పని మనకు రాదు. ఎవరినో ఒకరిని పిలవాలి. తిరకాసంతా ఆ పిలవడంలోనే ఉంది.

దుమ్ము మనది, పలకలు మనవి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు పుప్పాలగూడ రాళ్లగుట్టల మధ్య ఓ పల్లె. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకుంది. ఆ తర్వాత దశ తిరిగింది. 2018లో మణికొండ మున్సిపాలిటీలో కలిసేదాకా ఇక్కడ పంచాయతీ పాలనే. ఇటు ఖాజాగూడ, అటు నార్సింగి, కూతవేటు దూరంలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఎటు చూసినా క్రేన్లే. ఒక టవర్ పూర్తయి దుమ్ము సర్దుకునేలోపు పక్కన ఇంకోదానికి పునాది తవ్వుతారు. గుట్టను తొలిచిన పొడి, సిమెంటు పొడి, రోడ్డు పొడి కలిసి సాయంత్రానికి బాల్కనీలో పొరలా పేరుకుంటాయి. వేలితో పేరు రాసుకోవచ్చు!

టైల్స్ అయితే తడిగుడ్డ పెట్టి తుడిచేస్తాం. చెక్క పలకలకు ఆ వీలు లేదు. పలకకీ పలకకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. దుమ్ము అందులోకి జారుతుంది. పైన కుండీలకు పోసిన నీళ్లూ అందులోకే పోతాయి. దుమ్ము, నీళ్లు కలిస్తే ఏమవుతుంది? బురద. అది ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న నాకు రెండేళ్లపాటు తట్టనే లేదు.

మూడు వేల ముచ్చట

ఫ్లాట్లోకి వచ్చిన రెండో ఏడాది వేసవిలో, తలుపు కింది సందులోంచి ఓ కరపత్రం లోపలికొచ్చింది. ‘సోఫా, ట్యాంకు, బాల్కనీ, డెక్... అన్నియు శుభ్రం చేయబడును’. వెంటనే ఫోన్ చేశాను. అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

‘‘ఎంత తీసుకుంటారు?’’

‘‘నాలుగు వేలు మేడమ్.’’

‘‘మూడు వేలకైతే రండి.’’

రెండోమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇంటాయనకు చెప్పి తెగ మురిసిపోయాను, వెయ్యి రూపాయలు మిగిల్చానని.

మర్నాడు ముగ్గురు కుర్రాళ్లు ప్రెషర్ గన్‌తో దిగారు. గంటన్నరలో పని అయిపోయింది. పలకల మీది నలుపంతా పోయి లేత పసుపురంగు తేలింది. రెండు మూడు పలకలు కదులుతుంటే పొడవాటి స్క్రూలు తెచ్చి బిగించేశారు. ‘‘ఇది ఫ్రీ మేడమ్’’ అన్నారు. ఇంతకంటే ఏం కావాలి!

రెండోరోజు పలకలు ఆరాక అరికాలికి ఏదో గుచ్చుకుంది. చూస్తే చెక్కంతా కొబ్బరిపీచులా లేచిపోయి ఉంది. పోనీలే అనుకున్నాం. మూడు వారాలకు తొలకరి పడింది. ఆ మర్నాడు పొద్దున్నే కింది ఫ్లాటు టీచరమ్మగారు మెట్లెక్కి వచ్చారు. కోపంగా కాదు, మొహమాటంగా. ‘‘ఏమ్మా, ఒక్కసారి కిందికొచ్చి చూస్తావా?’’ అన్నారు.

వెళ్లి చూస్తే వాళ్ల హాలు కప్పు మీద జల్లెడంత పసుపుపచ్చటి మరక. దాని మధ్య నుంచి చుక్క... చుక్క... కింద బకెట్. వచ్చే ఆదివారం ఆ ఇంట్లో మనవడి బారసాల. నాకు నోట మాట రాలేదు.

పలక కింద ఏముంది?

ఆ టీచరమ్మగారే తమ తలుపులు బాగుచేసిన మేస్త్రిని పంపారు. యాభై దాటిన మనిషి. పాలమూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే చెక్కపని చేస్తున్నాడు. వచ్చీరాగానే రేటు చెప్పలేదు. చెప్పులు బయట విడిచి, డెక్కు మీద గొంతుక్కూర్చుని, సందుల్లోకి టార్చి వేసి చూశాడు. ఒక స్క్రూ ఊడదీసి దాని పొడవు వేలితో కొలుచుకున్నాడు.

‘‘నీళ్లు కొట్టినోళ్లు పలకను చూసిన్రు గని, పలక కింద ఏమున్నదో చూడలే మేడమ్’’ అన్నాడు.

నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇదీ: అన్నిటికంటే కింద స్లాబు. దాని మీద నీళ్లు దిగకుండా వాటర్‌ప్రూఫ్ పూత. ఆ పైన నీళ్లు జారే వాలు. వాలు మీద చెక్క రీపర్లు. రీపర్లకు బిగించిన పలకలు. అంటే మనం కాలు పెట్టేది ఐదో పొర మీద! స్క్రూ రీపరు దాకానే దిగాలి. మాకు ‘ఫ్రీ’గా వేసిన స్క్రూలు రీపరును దాటి, పూతను చీల్చి స్లాబులోకి దిగాయి. ఒక్కో స్క్రూ ఒక్కో చిల్లు. ఇక ప్రెషర్ గన్ దెబ్బకు లేచిన చెక్క పీచు, రెండేళ్ల బురద కలిసి నీళ్లు పోయే ట్రాప్‌ను పూర్తిగా మూసేశాయి. వాన నీళ్లు పోయే దారిలేక పలకల కింద నిలిచాయి. నిలిచిన నీళ్లు చిల్లు వెతుక్కున్నాయి. టీచరమ్మగారి కప్పు మీద కనిపించింది అదే.

ఆయన ప్రతి పలకకూ సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఊడదీశాడు. కింద తట్టెడు బురద తీశాడు. చిల్లులు పూడ్చి, మళ్లీ పూత వేయించి, అది ఆరాక ట్రాప్‌కు గుడ్డ కుక్కి రెండు రోజులు నీళ్లు నిలబెట్టాడు. రోజుకు రెండుసార్లు కిందికెళ్లి కప్పు చూసొచ్చాడు. చుక్క రాలేదని తేలాకే పలకలు ఎక్కించాడు. ట్రాప్ మీదికొచ్చే పలకకు మాత్రం స్క్రూ వేయలేదు. చేత్తో ఎత్తి తీసేలా వదిలాడు. ‘‘వానకు ముందొకసారి, వానలో ఒకసారి దీన్ని తీసి సాపు చేసుకోన్రి. నేను కూడా అక్కర్లేదు’’ అన్నాడు. తన పని తగ్గిపోయే కిటుకును తనే చెప్పే మనిషిని అప్పుడే చూశాను!

అన్నీ కలిపి, టీచరమ్మగారి కప్పుకు రంగుతో సహా, ఇరవై రెండు వేలయింది. వెయ్యి మిగిల్చానని మురిసిన దానికి మూల్యం అది. బారసాల నాటికి మరక పూర్తిగా ఆరలేదు. ఆవిడ సరిగ్గా ఆ చోటునే మామిడాకుల తోరణం వేలాడదీసి, నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వుకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

మొదట బిల్డర్‌కు రాయండి

ఇక్కడో ముఖ్యమైన సంగతి. కొత్త ఫ్లాటులో కారుతున్నా, కుంగుతున్నా వెంటనే పనివాళ్లను పిలిచేయకండి. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అదే మనం రెరా అంటున్నాం కదా, దాని 14వ సెక్షన్ కొన్నవాళ్లకు ఒక హక్కు ఇచ్చింది. ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు కట్టడంలోగానీ, పనితనంలోగానీ లోపం ఉందని తెలియజేస్తే బిల్డరే పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు.

మాకు ఆ గడువు ఉంది. కానీ మేం పిలిపించిన వాళ్ల స్క్రూలే చిల్లులు పెట్టాయి కదా, ఏ మొహం పెట్టుకుని అడగడం? అందుకే చెబుతున్నా. పలకలు కదిలినా, నీళ్లు నిలిచినా ముందు ఫొటోలు తీయండి. తారీఖు వేసి రాతపూర్వకంగా బిల్డర్‌కు పంపండి. ఆ తర్వాతే ఎవరి చేతనైనా సుత్తి పట్టించండి.

మీది ఏ రకం డెక్కు?

పని వాళ్లను పిలిచే ముందు మన కాళ్ల కింద ఏముందో మనకు తెలియాలి. పుప్పాలగూడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సాధారణంగా కనిపించేవి మూడు రకాలు.

ఒకటి, టేకు లాంటి అసలు చెక్క. దీనికి ఏడాదికోసారి నూనె పూత కావాలి. పూత ఉందో పోయిందో తెలుసుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. నాలుగు నీటిచుక్కలు చిలకరించండి. తామరాకు మీద బిందువుల్లా నిలిస్తే పూత బతికే ఉంది. చెక్క తాగేసి నల్లబడితే టైమైపోయినట్టే.

రెండోది డబ్ల్యూపీసీ. చెక్క పొట్టు, ప్లాస్టిక్ కలిపి పోతపోసిన పలక. చూడ్డానికి చెక్కలానే ఉంటుంది. దీనికి నూనె, పాలిష్ ఏవీ పనికిరావు. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఎండకు మాత్రం పెనంలా కాలుతుంది. ‘పాలిష్ చేస్తాం’ అంటూ దీని మీదికి ఎవరైనా వస్తే దండం పెట్టి పంపేయండి.

మూడోది చెక్కలా కనిపించే టైలు. దీని ప్రాణమంతా సందుల్లో నింపిన గ్రౌట్‌లో ఉంటుంది. బోరు నీళ్ల తెల్లమరకలు పోవాలని యాసిడ్ పోస్తే మరకతో పాటు గ్రౌట్ కూడా కరుగుతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపితే ఇంకా ప్రమాదం. వెలువడేది క్లోరిన్ వాయువు. చంటిపిల్లలున్న ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. యాసిడ్ చిల్లర అమ్మకాలకు 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. అయినా ముద్రలేని సీసాతో పనికి దిగేవాళ్లు ఉన్నారు. సీసా మీద పేరు లేకపోతే అది మన గడప దాటకూడదు.

చెక్క డెక్కు ఉన్నవాళ్లు కుండీలకు ఇనుప స్టాండ్లు పెట్టకండి. తడి ఇనుము తగిలితే టేకు మీద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ పడుతుంది. దాన్ని పోగొట్టడానికి పనితెలిసినవాళ్లు వాడేది ఆక్సాలిక్ యాసిడ్. మన చుక్కకూరలో ఉండే ఆమ్లమే! అలాగని ఆ పొడిని చుక్కకూరలా అనుకోవద్దు. అది విషమే. చేతికి గ్లౌజులు, పిల్లలకు దూరం తప్పనిసరి.

సంక్రాంతికీ ఉగాదికీ మధ్య

‘‘వానలొస్తున్నయ్, జర జల్దీ’’ అంటూ మే నెలలో ఫోన్ చేసేవాళ్లే ఎక్కువట. మేస్త్రి చెప్పాడు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు. ఆ ఎండలో పూసిన నూనె చెక్కలోకి ఇంకకుండా పైనే బంకలా గడ్డకడుతుంది. మృగశిర వచ్చాక అయితే చెక్క ఆరదు. తడిచెక్క మీద నూనె పూస్తే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. కాబట్టి మన హైదరాబాద్ వాతావరణానికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. చలి తగ్గి, ఎండ ముదరని రోజులు. పైగా అప్పుడు పనివాళ్లకూ తీరిక ఉంటే, మనకూ తొందర ఉండదు.

పని క్రమం కూడా తెలుసుకుని ఉంచుకోండి. మొదట పొడిచీపురు. తర్వాత సందుల్లోని మట్టిని సన్నటి చెక్కపుల్లతోనో, ప్లాస్టిక్ పట్టీతోనో లాగాలి. ఇనుప చువ్వ వద్దు. ఆపైన సబ్బునీళ్లు, బ్రష్. చెక్క గీతలు ఎటు ఉంటే అటే తోమాలి. ప్రెషర్ గన్ వాడక తప్పదంటే ఒత్తిడి బాగా తగ్గించి దూరం నుంచి కొట్టాలి. రెండు రోజులు ఆరనివ్వాలి. గరుకు కాగితంతో లేచిన పీచు తీసేయాలి. అప్పుడు నూనె, పల్చగా, పొద్దున్నో సాయంత్రమో. ఎక్కువైన నూనెను గుడ్డతో తుడిచేయాలి. ఈ లెక్కన మూడు నాలుగు రోజుల పని. గంటన్నరలో చేస్తామంటే ఏదో వదిలేస్తున్నారనే అర్థం.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోగలదు. నీళ్లలో నానబెట్టో, ఆరుబయట విడివిడిగా పరిచో ఆ తర్వాత పారేయాలి. మేస్త్రి తన గుడ్డల్ని బకెట్ నీళ్లలో ముంచి వెళ్తుంటే మొదట చాదస్తం అనుకున్నాను!

ఎవర్ని పిలవాలి?

మనకు మూడు దారులున్నాయి. ఫోన్లో యాప్. చౌరస్తాలో లేబర్ అడ్డా. పక్కింటివాళ్లు చెప్పిన మనిషి.

యాప్‌తో రేటు ముందే తెలుస్తుంది, బిల్లు ఉంటుంది, పని నచ్చకపోతే చెప్పుకోవడానికి ఒక చోటు ఉంటుంది. టైలు బాల్కనీ కడగడానికి ఇది చాలు. కానీ ఈసారి వచ్చిన మనిషి మళ్లీసారి రాకపోవచ్చు. ప్రతిసారీ మన డెక్కు కథ మొదట్నుంచి చెప్పుకోవాలి.

అడ్డాలో పొద్దున ఏడింటికి పాలమూరు మేస్త్రీల నుంచి బిహార్, ఒడిశా కూలీల దాకా నిలబడి ఉంటారు. వాళ్లలో గొప్ప పనివాళ్లు ఉంటారు. మనకే గుర్తుపట్టడం రాదు. ‘రోజుకెంత’ అని కారు అద్దం దించి బేరమాడితే, ముందుగా కారెక్కేది ఆ రోజు పని బాగా అవసరమైన మనిషి. పని బాగా తెలిసిన మనిషే కావాలని ఏముంది?

చెక్క డెక్కుకైతే నా ఓటు మూడోదారికే. ఈ చుట్టుపక్కలే ఉంటూ, నాలుగిళ్లలో చేసిన పని చూపించగలిగే వడ్రంగి. ఏడాది కిందట చేసిన పనిని చూపించమనండి. నిన్న చేసింది ఎవరిదైనా మెరుస్తుంది. ఒక వానాకాలం దాటిన పనే అసలు పని. ఇంకో లాభం ఏమిటంటే, అలాంటి మనిషికి మన బాల్కనీ గుర్తుంటుంది. ఏ పలక కింద ట్రాప్ ఉందో, ఏ మూల వాలు తక్కువో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆ కుర్రాడి పేరు నాకు తెలీదు

ఇన్ని చెప్పాను గానీ, ఆ మూడు వేల రోజు జరిగింది ఒకటి దాచాను. ఇంట్లో కూడా చాలారోజులు చెప్పలేదు.

ఆవేళ టీలు కలిపి బాల్కనీలోకి తెచ్చేసరికి ముగ్గురిలో చిన్నవాడు రెయిలింగ్ అవతల నిలబడి ఉన్నాడు. అవతలంటే గాల్లోనే. జానెడు సిమెంటు అంచు మీద పాదాలు పెట్టి, ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో గాజు పలక బయటివైపు తుడుస్తున్నాడు. తాడు లేదు. బెల్టు లేదు. కింద పదకొండు అంతస్తులు. పాదాలకు సబ్బునురగ.

‘‘బాబూ... లోపలికి రా’’ అన్నాను. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి జారతాడేమోనని మెల్లగా.

‘‘ఏం గాదు మేడమ్, రోజూ చేసేదే’’ అన్నాడు నవ్వుతూ. నిజంగానే ఏమీ కాలేదు. లోపలికి దూకి, టీ తాగి, వెళ్లిపోయాడు. పంతొమ్మిది ఇరవై ఏళ్లుంటాయి. పేరు అడగలేదు.

నాలుగు వేలను మూడు వేలు చేసినప్పుడు ఆ తగ్గిన వెయ్యి ఎక్కడి నుంచి తగ్గిందని నేను ఆలోచించలేదు. సబ్బు ఖర్చులో తగ్గదు. పెట్రోలు ఖర్చులో తగ్గదు. తాడులో తగ్గుతుంది. బెల్టులో తగ్గుతుంది. నాలుగోమనిషి రావడంలో తగ్గుతుంది. స్లాబుకు పడిన చిల్లులు ఇరవై రెండు వేలతో పూడాయి. ఆ పిల్లాడి కాలు జారి ఉంటే దేనితో పూడ్చేదాన్ని?

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం. రెయిలింగ్ అవతలికి ఎవరూ వెళ్లకూడదు. గాజు బయటివైపు దుమ్ము ఉంటే ఉండనీ. పొడవాటి కర్ర బ్రష్‌కు అందినంతే శుభ్రం. అంతకుమించి కావాలంటే తాళ్లు, బెల్టులు, వాటిని కట్టే కొక్కేలు ఉన్న శిక్షణ పొందినవాళ్లతో అసోసియేషన్ మొత్తం భవనానికి చేయించాలి. ఒక్క ఫ్లాటువాళ్లు బేరమాడి చేయించుకునే పని కాదది.

ఇంకో చిన్న సంగతి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 నుంచి ఉంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లవారు ఎవరైనా చేరవచ్చు. ఏడాదికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు 2 లక్షలు అందుతాయి. మనం బాల్కనీలో తాగే కాఫీ కంటే తక్కువ! మన ఇంటికి తరచూ వచ్చే మేస్త్రికి, పనమ్మాయికి, డ్రైవరుకు అది ఉందో లేదో అడగడానికి ఒక నిమిషం చాలు. మా మేస్త్రికి లేదు. బ్యాంకులో ఫారం నింపించాం. ‘‘20 రూపాయలకు ఇంత ఉన్నదా!’’ అని ఆశ్చర్యపోయి, తనతో వచ్చే ఇద్దరు కుర్రాళ్లనూ మర్నాడు తనే తీసుకెళ్లాడు.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

• మా డెక్కు ఏ రకం? (జవాబు తెలియనివాళ్లతో మాటలు అక్కడితో ఆపేయవచ్చు.)

• పలకల కింద ఎలా శుభ్రం చేస్తారు? ట్రాప్ తెరుస్తారా?

• ఏ మందు, ఏ నూనె వాడతారు? డబ్బా చూపిస్తారా?

• స్క్రూ మార్చాల్సి వస్తే పొడవు ఎంత? పాత స్క్రూతో కొలిచి చూస్తారా?

• ఎన్ని రోజులు? ఆరబెట్టడానికి ఎంత సమయం?

• ఎంతమంది వస్తారు? వాళ్ల పేర్లేమిటి? రెయిలింగ్ దాటే పని ఏమైనా ఉందా?

• కిందివాళ్లకు నీళ్లు కారితే ఎవరు బాగుచేస్తారు? (జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.)

• ఇవన్నీ అయ్యాక... ఎంత తీసుకుంటారు?

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. అలాగని పని అయ్యాక పదిసార్లు తిప్పించుకోనూ వద్దు. సామాన్లకు కొంత, పని పూర్తయిన సాయంత్రం మిగతాది. మధ్యాహ్నం అన్నం తినడానికి కాస్త నీడ, తాగడానికి చల్లటి నీళ్లు చూపించండి. పనిముట్లతో వచ్చినవాళ్లను ఏ లిఫ్టులో రానిస్తారో సెక్యూరిటీకి ముందే చెప్పి ఉంచండి. ముప్పై కిలోల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి పలక మీద గీతలు చూసి తోమగలడా? మనమే ఆలోచించాలి.

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన రెండోవారం మేస్త్రి వచ్చాడు. నాలుగు రోజులు పనిచేశాడు. ఆఖరి రోజు ఆయన సామాన్లు సర్దుకుంటుంటే మా అత్తయ్య డెక్కు మధ్యలో కూర్చుని సుద్దముక్కతో చిన్న ముగ్గు పెట్టారు. నూనె పూసిన చెక్క మీద సుద్ద మరక పడుతుందేమోనని నేను కంగారుపడ్డాను. మేస్త్రి నవ్వాడు.

‘‘పడనియ్యున్రి మేడమ్. అరుగన్నంక ముగ్గుండాలె గద. వచ్చే సాలు నేనే తుడుస్త.’’